నిజము ఎవరి గడప వరకు?

వదంతి అడుగకుండగనే అందరి ఇండ్లకును వచ్చుచున్నది. దాని ఖండనము మాత్రము వెదకుకొనగలిగిన కొందరి చెంతకే చేరుచున్నది. వార్తలు చదువువారిలోను, నిజనిర్ధారణ కథనములను అనుసరించువారిలోను స్త్రీలు ఏల తక్కువగా ఉన్నారో, ఆ లోటును పూడ్చుట ఎట్లో పరిశీలించు ప్రత్యేక కథనము.

2018వ సంవత్సరపు వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పల్లెలలో ఒక వింత మార్పు కానవచ్చెను. పగటి ఎండకు కాగిన ఇండ్లలో పడుకొనలేక ఆరుబయట మంచములు వాల్చుకొనుట తరతరములుగా అలవాటైన జనులు, ఆ యేడు మాత్రము పెందలకడనే ఇండ్లు చేరి, తలుపులు బిగించుకొని, ఉక్కలోనే నిద్రించుచుండిరి. ఊళ్లు తిరుగు పోలీసు కానిస్టేబులు ఈ సంగతి గమనించి పై అధికారులకు తెలుపగా, విచారించి చూడ బయటపడిన కారణ మొక్కటే: పిల్లలను ఎత్తుకొనిపోవువారు, మనుష్యులను చంపువారు ముఠాలుగా వచ్చి పడినారని చెప్పు వాట్సాప్ సందేశములు, భయంకర దృశ్యములతో కూడి, ఒక ఫోను నుండి మరియొక ఫోనునకు ప్రాకుచుండెను. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఈ అబద్ధమును ఖండించుచు ఒక ప్రకటన మాత్రము చేసి ఊరకుండలేదు. ఊరికొక పోలీసు ఉద్యోగిని బాధ్యునిగా నియమించి, ఇల్లిల్లు తిరిగి చెప్పించి, డప్పు వేయించి, జానపద కళాకారులచేత పాటలు కట్టించి నాలుగువందలకు పైబడిన గ్రామములలో ప్రచారము చేయించెను. అదే వేసవిలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇట్టి అనుమానముతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపగా, గద్వాల పల్లెలలో మాత్రము అట్టి ఘోరము జరుగలేదు.

ఈ వృత్తాంతములో మనము శ్రద్ధగా గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. వదంతి ఫోనులో పుట్టినను, దాని భయము ఫోను లేనివారిని కూడ పట్టుకొన్నది. కావుననే దాని ఖండనము కూడ ఫోను లేనివారి యొద్దకు నడచి పోవలసి వచ్చినది. డప్పు మ్రోతకు చదువుతో పని లేదు, ఇంటర్నెట్టుతో పని లేదు, ఇంటి వెలుపల నున్నవారు లోపల నున్నవారు అను భేదము లేదు. తక్కిన వేళలయందు మన వార్తలును, మన నిజనిర్ధారణ కథనములును ఈ డప్పు వలె నడచి పోవుచున్నవా? పోవుట లేదని చెప్పవలసి వచ్చుచున్నది. అవి చేరని గడపల లోపల నున్నవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఈ లోటును స్త్రీల ఆసక్తికి అంటగట్టుట అన్యాయము. వార్తను తయారుచేసి పంచిపెట్టు ఏర్పాటులోనే ఆ లోటు ఉన్నదనుట ఈ కథనము యొక్క ప్రతిపాదన.

లెక్కలు చెప్పు మాట

2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల వయసువారిని ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడితిరా యని అడుగగా, దేశము మొత్తముమీద వాడితిమన్న పురుషులు నూటికి 57.1 మంది, స్త్రీలు 33.3 మంది మాత్రమే. తెలంగాణలో పురుషులు 57.4, స్త్రీలు 26.5; ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 48.8, స్త్రీలు 21.0. అనగా ఆ సర్వేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ఐదుగురు స్త్రీలలో దాదాపు నలుగురు ఇంటర్నెట్టు ముఖము చూడనివారే. ఆ రాష్ట్రపు స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను ఫోను గలవారు సగముకన్న కొంచెము తక్కువ. అటుపిమ్మట డేటా చవుకయై, ఫోనులు పెరిగిన మాట నిజమే. కాని ఇంటికి వచ్చిన తొలి ఫోను మగవాని జేబులోనికిని, అతడు కొత్తది కొనుక్కొన్న పిదప తెర పగిలిన పాతది ఇల్లాలి చేతికిని వచ్చుట మనము కనుచున్నదే. ఆ పాత ఫోను సాయంకాల మగుసరికి పిల్లల చేతిలో ఉండుటయు మనకు తెలిసినదే.

ఇది ఇంటర్నెట్టు లేని బీదరికపు సమస్య మాత్రమే యని భావించుటకు వీలు లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ యేటేట ప్రకటించు డిజిటల్ వార్తా నివేదికలలో, వార్తలను తరచుగానో అప్పుడప్పుడో తప్పించుకొనుచున్నామని చెప్పినవారు 2017లో నూటికి 29 మంది కాగా 2022లో 38 మంది. ఫోనులకు, చదువులకు కొరత లేని దేశములలో సైతము ఇట్లు తప్పించుకొనువారిలో స్త్రీలే పురుషులకన్న ఎక్కువగా ఉన్నారు.

ఇక వార్తల లోపలికి తొంగిచూచినచో మరియొక సంగతి తెలియును. ఐదేండ్ల కొకసారి ప్రపంచదేశముల వార్తలను ఒకే దినమున పరిశీలించు గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 1995లో మొదలయ్యెను. ఆనాడు వార్తలలో కనబడినవారు, వినబడినవారు ఎవరెవరని లెక్కింపగా స్త్రీలు నూటికి 17 మంది. 2020లో ఆ లెక్క 25కు చేరినది. ఇరువదియైదు సంవత్సరములలో పెరిగినది ఎనిమిది మాత్రమే. నలుగురు మాటలాడు చోట ముగ్గురు మగవారే యైనప్పుడు, ఆ మాటలు తనకొరకే యని ఏ స్త్రీ తలంపగలదు? తన ఊసు లేని సంభాషణమున ఆసక్తి చూపలేదని ఆమెను నిందించుట ఎంతవరకు ధర్మము?

తీరిక యెవరిది?

ఒక మధ్యతరగతి తెలుగింటి ఉదయమును పరికింతము. ఆరు గంటలకు పేపరబ్బాయి విసరిన పత్రిక వాకిట పడును. ఆ వేళకు ఇల్లాలు పాలు పొయ్యిమీద పెట్టి, ఇడ్లీ రేకులకు నూనె రాయుచు, మరియొక వైపు పిల్లల క్యారియరునకు కూర తరుగుచుండును. పత్రికను తొలుత తెరచునది ఇంటిపెద్ద. కాఫీతో మొదటి పుట, రెండవ కప్పుతో రాజకీయములు, సంపాదకీయము. పిదప జిల్లా పుట ఒకరికి, క్రీడల పుట మరియొకరికి పంపకమగును. పనులన్నియు ముగించుకొని మధ్యాహ్నము మూడు గంటలకు ఆమె నడుము వాల్చినప్పుడు చేతికి అందునది నలిగిన పుటలు, చల్లారిన వార్తలు. టీవీలో తొమ్మిది గంటలకు చర్చ మొదలగునప్పుడు ఆమె వంటింటి గట్టు తుడుచుచుండును.

ఈ చిత్రములో అతిశయోక్తి లేదనుటకు ప్రభుత్వపు లెక్కలే సాక్ష్యము. జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటివారికొరకు జీతము లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పనులకే వెచ్చించుచుండగా, అట్టి పనులు చేయు పురుషులు వెచ్చించునది 97 నిమిషములు. ఈ రెంటికిని నడుమ మూడు గంటల ఇరువదిరెండు నిమిషముల అంతరము కలదు. పసిబిడ్డల సాకుడు, ముసలివారి సేవ, ఈ లెక్కలో చేరలేదు. వార్తలను కుదురుగా చదివి, ముందు వెనుకలు తెలిసికొని, సందేహము వచ్చిన చోట ఆరా తీయుటకు కావలసినది మొదట బుద్ధి కాదు, తీరిక. ఆ తీరికను ఇంటి యేర్పాటే ఒకరికి ఇచ్చి మరియొకరికి ఇవ్వకున్నది.

బెంజమిన్ టాఫ్, రూత్ పామర్ అను పరిశోధకులు బ్రిటన్‌లో వార్తలకు దూరముగా నుండు సామాన్యులతో సావధానముగా సంభాషించి, స్త్రీలు ఎక్కువగా దూరమగుటకు రెండు కారణములను ప్రధానముగా నిరూపించిరి: వార్తలనునవి మగవారి వ్యవహారమను భావన ఒకటి, ఇంటివారిని చూచుకొను భారము రెండవది. దినమంతయు ఇతరుల బాధలను మోయువారికి సాయంకాలము ప్రపంచపు బాధలను కూడ తలకెత్తుకొను ఓపిక మిగులదు. సముద్రములకు ఆవల నున్న ఆ స్త్రీల మాట మన ఇండ్లకు ఎంత దగ్గరగా నున్నదో వేరుగ చెప్పనక్కర లేదు. “నాకెందుకమ్మా ఆ రాజకీయాలు, మీ నాన్న చూస్తారుగా” అను మాటను మనలో వినని బిడ్డ యెవరు? ఆ మాటలో విముఖత కన్న విభజన ఎక్కువ. ఇంటిలో పప్పు ఉప్పు చూచుకొనుట ఒకరి వంతు, లోకము చూచుకొనుట మరియొకరి వంతు అని ఎవరో ఏనాడో చేసిన పంపకమే అది.

ప్రత్యేక పుట చేసిన మేలు, మిగిల్చిన వెలితి

స్త్రీలకై పత్రికలు పెట్టవలెనను తలంపు తెలుగువారికి కొత్త గాదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1883లో సతీహితబోధినిని వెలువరించిరి. 1902లో వెలసిన హిందూసుందరికి స్త్రీలే సంపాదకత్వము వహించిరి. భండారు అచ్చమాంబ వ్రాసిన ‘ధనత్రయోదశి’ ఆ సంవత్సరమే అందులో అచ్చయ్యెను. పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి పత్రికను నడపిరి. 1928లో కె.ఎన్.కేసరి మద్రాసునుండి గృహలక్ష్మిని ప్రారంభించిరి. అక్షరము స్త్రీకి నిషిద్ధమని తలచు నాటి సమాజములో ఈ పత్రికలు చేసిన మేలు వెలకట్టరానిది. ఇంటి లోపలికి వచ్చి, చదువు నేర్చిన యువతి చేతికి అందిన తొలి ముద్రితాక్షరములు ఎన్నో ఇండ్లలో ఇవియే.

ఐనను ఆ ప్రత్యేకత నుండి ఒక వెలితి కూడ పుట్టినది. ఆ బాటలోనే దినపత్రికలు స్త్రీలకు వేరుగ ఒక పుట కేటాయించిన పిదప, తక్కిన పుటలు తమకు చెందినవి కావను భావము చదువువారిలోను, తక్కిన పుటలలో స్త్రీల ఊసు అక్కరలేదను భావము వ్రాయువారిలోను పాదుకొన్నది. బియ్యము ధర ఇల్లాలికి సంబంధించినదే. ఆ ధరను పెంచిన విధాన నిర్ణయము మాత్రము ఆమెకు సంబంధించని పుటలో అచ్చగును. కాన్పు జాగ్రత్తలు ఆమె పుటలో వచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వైద్యురాలి పోస్టు ఖాళీగా నున్న సంగతి జిల్లా పుటలో, ఒక మూల, వచ్చును. ఒకే జీవితమును రెండుగా చీల్చి, ఒక భాగమునకు సలహా అనియు, రెండవ భాగమునకు వార్త అనియు పేరు పెట్టితిమి.

దూబగుంట చెప్పిన పాఠము

స్త్రీలకు ప్రజావ్యవహారములపై ఆసక్తి లేదనువారికి నెల్లూరు జిల్లా దూబగుంట ఒక్కటే సమాధానము చాలును. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిబడులకు వచ్చిన కూలి స్త్రీలకు ఇచ్చిన వాచకములో ‘సీతమ్మ కథ’ యను పాఠ ముండెను. సారా మూలమున కాపురము కూలిన యొక స్త్రీ కథ అది. కూడబలుకుకొని ఆ పాఠము చదివిన స్త్రీలు, ఇది మన కథయే కదా యని తలచి, రోసమ్మ మొదలైనవారు ముందు నడువగా, తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ సంగతి పత్రికలకెక్కి, ఊరూర చదువబడి, చదువనేర్చినవారు చదువనేరని వారికి వినిపింపగా, 1992లో అది రాష్ట్రమంతట ఉద్యమమై రగుల్కొన్నది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధింపక తప్పలేదు.

ఇచ్చట జరిగినదేమి? నిన్నటి వరకు అక్షరము రాని స్త్రీలు వార్తకు పాఠకులైరి, శ్రోతలైరి, తుదకు తామే వార్తయైరి. వారికి ఎవరును ఆసక్తిని నేర్పలేదు. వారి సంసారములో మండుచున్న సమస్యను వారి పలుకుబడిలో, వారికి వీలైన వేళ, వారి ఊరి బడిలో వారి యెదుట ఉంచిరి, అంతే. విషయము, భాష, వేళ, చోటు అను నాలుగును కుదిరినప్పుడు స్త్రీలు ప్రజావ్యవహారములలో ముందు వరుసలోనే నిలుతురని దూబగుంట ఋజువు చేసినది. వార్తాసంస్థలు ఈ నాలుగింటిని కుదుర్చుకొనక, పాఠకురాలు రాలేదని చింతించుట వలన ఫలము లేదు.

ఖండనము ఏ దారిన పోవుచున్నది?

నిజనిర్ధారణ యనునది వార్తావృత్తిలో ఇటీవల బలపడిన శాఖ. దాని సంస్థలకు నియమావళి యేర్పరచిన అంతర్జాతీయ నిజనిర్ధారణ సమాఖ్య 2015లో పాయింటర్ అను పాత్రికేయ సంస్థ ఆశ్రయమున వెలసినది. హైదరాబాదు నుండి ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు తెలుగులో కూడ ఈ పని చేయుచున్నవి. వారు ఒక వీడియోను ముక్కలు ముక్కలుగా నిశ్చల చిత్రములుగ విడదీసి, ఒక్కొక్క చిత్రమును ఇంటర్నెట్టులో వెదకించి, అది తొలుత ఏనాడు ఎచ్చట ప్రకటితమైనదో పట్టుకొని, ఆ ప్రాంతపు అధికారులను విచారించి, ఆధారములన్నియు చూపి తీర్పు చెప్పుదురు. ఎంతయో ఓర్పుతో చేయవలసిన యీ పని ఫలితము ఒక వెబ్‌సైటులో వెలువడును. దానిని వెదకుకొనుచు పోగల వారెవరు? సొంత ఫోను, నిలకడగల డేటా, తీరిక, ఇట్టి సంస్థ యొకటి ఉన్నదను ఎరుక గలవారు. వార్తలలో స్త్రీలను వెనుకకు నెట్టిన ప్రతి అడ్డంకియు ఇచ్చట మరల ఎదురగును.

2021 ఏప్రిలులో నడచిన యొక ఉదంతమును చూడుడు. పదునెనిమిదేండ్లు నిండిన వారందరికిని కోవిడ్ టీకా ఇయ్యబోవుచుండగా, ఋతుకాలమునకు ఐదు దినములు ముందును, ఐదు దినములు వెనుకను స్త్రీలు టీకా వేయించుకొనరాదనియు, అప్పుడు వారిలో రోగనిరోధక శక్తి తగ్గి యుండుననియు ఒక సందేశము దేశమంతట వాట్సాప్‌లో వ్యాపించెను. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయపు నిజనిర్ధారణ విభాగము అది అబద్ధమని వెంటనే ట్విట్టరులో ప్రకటించెను. ప్రకటన సత్యమైనదే, సకాలమునకు వచ్చినదే. కాని అబద్ధము పోయిన దారి వేరు, నిజము పోయిన దారి వేరు. ఆ సందేశము చెల్లెలినుండి అక్కకు, అక్కనుండి వదినకు, కుటుంబపు గ్రూపులలో, మేలుకోరు మాటవలె పోవుచుండెను. ట్విట్టరు తెరచి చూచు అలవాటు ఆ అక్కచెల్లెండ్రలో ఎందరికి ఉండెను?

కుటుంబపు గ్రూపులో నిజము చెప్పుటకు మరియొక చిక్కు కలదు. ఏదో కషాయము త్రాగినచో చక్కెరవ్యాధి నయమగునను సందేశమును మామగారు పంపినప్పుడు, అది తప్పని ఎరిగిన కోడలు అందరి యెదుట ఏమని వ్రాయగలదు? “మామయ్యగారూ, ఇది నిజం కాదటండీ” అని అన్నచో పెద్దవారిని ఎదిరించినదగును. అనకున్నచో ఇంటిలో మాత్రలు మానివేయు ప్రమాదము కలదు. మాత్రల వేళను గుర్తుంచుకొని అందించునది ఆమెయే. తప్పును తప్పని పలుకు అధికారము మాత్రము ఆమెకు లేదు. నిజము తెలియుట ఒక యెత్తు, దానిని పలుకగలుగుట మరియొక యెత్తు. ఈ రెండవ దానిని గూర్చి మన నిజనిర్ధారణ సంస్థలు తగినంతగా ఆలోచింపలేదు.

ఐనను ఈ దేశములో గడప గడపకు నిజమును మోయుచున్నవారు స్త్రీలే. పోలియో చుక్కలపై, టీకాలపై తల్లులకు కలుగు సందేహములను వాకిట నిలిచి తీర్చునది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎమ్. ఆశా కార్యకర్తల సేవను గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వారికి పురస్కార మిచ్చినది. వారి పనికి నిజనిర్ధారణ యను పేరు లేకపోయినను, ఆ శాఖ సాధింపగోరు ఫలమును నిత్యము సాధించుచున్నవారు వారే. వారి చేతికి ధ్రువపరచిన సమాచారమును తెలుగులో, సకాలమునకు అందించినచో అంతకు మించిన పంపిణీ మార్గము వేరొకటి లేదు.

అబద్ధమునకు గురియగువారు

స్త్రీలు అబద్ధపు వార్తలకు శ్రోతలు మాత్రమే కారు. వానికి గురియగువారు కూడ. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖమును మరియొక స్త్రీ శరీరమునకు కృత్రిమముగా అతికించిన వీడియో దేశమంతట తిరిగెను. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన యువకు నొకని అరెస్టు చేసిరి. పేరుగల నటి కనుక పోలీసులు కదలిరి. పేరులేని కళాశాల విద్యార్థిని గతి యేమి? యునెస్కో, అంతర్జాతీయ పాత్రికేయ కేంద్రము కలిసి జరిపిన సర్వేలో పాల్గొన్న మహిళా పాత్రికేయులలో నూటికి 73 మంది ఆన్‌లైన్‌లో వేధింపులకు లోనైతిమని చెప్పిరి. నోరు విప్పిన స్త్రీకి ఇది బహుమానమైనప్పుడు, చదువరియైన స్త్రీ ఆ కూడలికి దూరముగ తొలగిపోవుటలో ఆశ్చర్యము లేదు. ఆ తొలగుటను ఆసక్తి లేమిగా లెక్కవేయుట అన్యాయముపై అన్యాయము.

చేయవలసిన పని

మార్గము లేకపోలేదు, నడచి చూపినవారు కలరు. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో మొదలైన ‘ఖబర్ లహరియా’ పత్రికను పల్లె స్త్రీలు, అందునా అధికముగా దళిత స్త్రీలు, బుందేలీ పలుకుబడిలో నడపగా, దానికి 2009లో యునెస్కో అక్షరాస్యతా పురస్కారము లభించినది. మన చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘముల మహిళలే విలేకరులై ‘నవోదయం’ పత్రికను నడపిరి. జహీరాబాదు చెంతనున్న మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోను నడపువారు దళిత మహిళలు. విత్తనములు, పంటలు, ఆరోగ్యము, పాటలు వారి గొంతులతోనే ప్రసారమగును. కలుపు తీయుచు, వంట చేయుచు వినవచ్చును గనుక, చేతులు తీరికలేని శ్రోతకు రేడియో వంటి సాధనము మరియొకటి లేదు.

ఈ యనుభవములనుండి పెద్ద పత్రికలు, ఛానెళ్లు, నిజనిర్ధారణ సంస్థలు గ్రహింపవలసినవి స్పష్టముగానే ఉన్నవి. మొదటిది, లెక్క. బీబీసీలో 2017లో ఒక కార్యక్రమ బృందము తమ ప్రసారములలో మాటలాడు స్త్రీపురుషుల సంఖ్యను స్వచ్ఛందముగా లెక్కించుట మొదలుపెట్టగా, అది ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ యను పేర సంస్థయంతట వ్యాపించినది. మన సంపాదక వర్గములును ప్రతిదినము ఈ లెక్క చూచుకొనవలెను. రెండవది, విషయము. టీకా, మందు, బిడ్డల భద్రత, ప్రభుత్వ పథకముల పేర వచ్చు మోసపు లింకులు, అప్పుల యాపులు — వీనిని నాయకుల ప్రసంగములతో సమానమైన శ్రద్ధతో పరీక్షింపవలెను. మూడవది, దారి. వదంతి వచ్చిన వాట్సాప్‌లోనే, అర నిమిషపు తెలుగు గొంతుగా, ఇతరులకు పంపుటకు వీలుగా ఖండనము వెలువడవలెను. పొదుపు సంఘపు సమావేశములలో పది నిమిషములు దానికి దొరకవలెను. నాలుగవది, మర్యాద. పంపినవారిని అవమానింపని మాటలతో వ్రాసినప్పుడే కోడలు దానిని మామగారికి పంపగలదు. ఈ నాలుగింటితో పాటు ఇంటిలోని మగవారు చేయవలసినది కూడ ఒకటున్నది: ఆ 299 నిమిషములలో తమ వంతును తాము తీసికొనుట.

ఇది స్త్రీలకు చేయు ఉపకార మని తలపరాదు. ఆంధ్రప్రదేశ్ వోటర్ల జాబితాలో స్త్రీలు పురుషులకన్న ఎక్కువగా ఉన్నారు; ప్రభుత్వములను నిలుపువారు, దించువారు వారే. అబద్ధము వారికి ఉచితముగా ఇంటికి వచ్చుచు, నిజము మాత్రము వెదకి తెచ్చుకొనవలసిన వస్తువైనచో, ప్రజాభిప్రాయ మనునది సగము సమాచారముపై కట్టిన తీర్పు మాత్రమే యగును. ఒక కథనమును ప్రకటించుటతో తమ ధర్మము తీరినదని పాత్రికేయులు తలచుట ఇక చాలింపవలెను. ఆ నిజము ఎవరికి అత్యవసరమో వారి గడప దాటి లోపలికి పోయినదా యని విచారించుట కూడ ఆ ధర్మములోని భాగమే. పోలేదని తెలిసిననాడు, ఎంత చక్కగా వ్రాసినను ఆ కథనము పూర్తి కానట్టే లెక్క.